సముద్రానికి వీపు చూపించొద్దు!

మహాబలిపురం అంటే మనలో చాలామందికి స్కూల్ ఎక్స్‌కర్షనే. పంచ రథాల ముందు గ్రూప్ ఫొటో, కృష్ణుడి వెన్నముద్దని చేత్తో ఆపుతున్నట్టు ఇంకో ఫొటో, మళ్లీ బస్సెక్కడం. ఈసారి నేను వెళ్లింది మాత్రం సర్ఫింగ్ నేర్చుకోవడానికి.

చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దాదాపు 55 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికల్లా బీచ్‌లో ఉండాలి. గాలి పుంజుకోకముందే అలలు వరసగా, నీట్‌గా వస్తాయి. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగింది ఈ ఊళ్లోనే. మన రమేష్ బూదిహాల్ కాంస్యం గెలిచాడు.

మా కోచ్‌కి ముప్పై ఏళ్లలోపే. జాలరి కుటుంబం. ఇక్కడ సర్ఫింగ్ నేర్పే కుర్రాళ్లలో చాలామంది అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. మొదటి అరగంట నన్ను నీళ్లలోకే దింపలేదు. ఇసుకలో బోర్డు మీద బోర్లా పడుకోవడం, చేతులు ఆనించి ఒక్క ఊపున లేవడం, మోకాళ్లు వంచి నిలబడటం. ఇదే ఇరవైసార్లు! తర్వాత బోర్డు తాడు నా వెనక కాలికి కట్టి, తమిళం కలిసిన తెలుగులో ఒకే మాట చెప్పాడు.

"అక్కా, సముద్రానికి వీపు చూపించొద్దు."

అల కోసం ఆగేటప్పుడు చూపు సముద్రం మీదే ఉండాలి. బోర్డుని మనకీ అలకీ మధ్య పెట్టకూడదు, పక్కన పట్టుకోవాలి. లేదంటే అల దాన్ని తెచ్చి మన మీదే కొడుతుంది. ఐదుసార్లు పడ్డా. ముక్కు నిండా ఉప్పునీళ్లు. ఆరోసారి లేచి నిలబడ్డా. మూడంటే మూడు సెకన్లు! దూరంగా తీర దేవాలయం శిఖరాలు కనిపించాయి.

ఒడ్డున కూర్చున్నప్పుడు చెప్పాడు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చేసరికి అతనికి ఎనిమిదేళ్లు. పడవ పోయింది, ఇల్లు పోయింది. "అమ్మ రెండేళ్లు నన్ను నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. ఇప్పటికీ ఒడ్డుకొస్తే సముద్రం వైపే తిరిగి కూర్చుంటుంది. నేను బయటికొచ్చేదాకా కదలదు." ఆ రూల్ అతనికి ఏ సర్ఫింగ్ క్లాసులోనూ వచ్చింది కాదని అప్పుడర్థమైంది.

సాయంత్రం తీర దేవాలయానికి వెళ్లా. ఎనిమిదో శతాబ్దం మొదట్లో పల్లవ రాజు రాజసింహుడు కట్టించాడు. పెద్ద గుడి గర్భాలయం తూర్పు ముఖం, అంటే నేరుగా సముద్రంలోకే చూపు. 1,300 ఏళ్ల ఉప్పుగాలికి శిల్పాల ముఖాలు అరిగిపోయాయి. ఇప్పుడు అలల దెబ్బ ఆపడానికి రాళ్లు పేర్చారు, గాలికి అడ్డంగా సరుగుడు చెట్లు పెంచారు. ఆ సునామీ అలలే ఇసుకని కోసేసి, పూడిపోయిన సింహం శిల్పాన్ని బయటపెట్టాయి కూడా. తీసుకునేదీ ఇచ్చేదీ అదే నీరు.

మీరు వెళ్తే ఈత వచ్చో రాదో కోచ్‌కి ముందే చెప్పేయండి. పొద్దున అలలు, సాయంత్రం శిల్పాలు... ఒక్కరోజు చాలు. గుడి దగ్గర సెల్ఫీ తీసుకున్నాక, ఒక్క నిమిషం ఇటు తిరిగి, ఆ గుడి చూస్తున్న వైపే చూడండి.