ఎడమ పేజీలో సచిన్

2003 వేసవి. తిరుపతిలో కరెంటు పోయింది. చిత్తూరు నుంచి సెలవులకొచ్చిన తమ్ముడు, అన్నతో బుక్ క్రికెట్‌కు కూర్చున్నాడు. పందెం: చివరి బేనీషా పండు.

పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ చివరి అంకే పరుగులు. సున్నా అయితే అవుట్. ఎడమన ఎప్పుడూ సరిసంఖ్యే కాబట్టి అయిదింట ఒకటి సున్నా. సచిన్‌కైనా, పదకొండోవాడికైనా అదే లెక్క!

"సచిన్‌కు సున్నా వస్తే ఇంకోసారి తెరవాలన్నా" అన్నాడు తమ్ముడు. అవుటయ్యే అవకాశం ఇరవై అయిదింట ఒకటికి తగ్గింది. 1961లో అమెరికాలో వచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్ బేస్‌బాల్ ఆట కిటుకూ ఇలాంటిదే: పాచికలు అదృష్టానివి, కార్డు ఆటగాడి సత్తాది, ఎవర్ని దించాలో నిర్ణయం మనది.

తమ్ముడు సచిన్‌ను ఆఖరికి దాచాడు. ఆరు పరుగులు కావాలి. సున్నా. మళ్లీ తెరిచాడు. మళ్లీ సున్నా!

"ముందే దించాల్సింది" అన్నాడు కళ్లనీళ్లతో.

"నీ ఎత్తు తప్పు కాదురా, పేజీ కలిసిరాలేదు" అంటూ అన్న పండు కోసి సగం చేతిలో పెట్టాడు.