నల్లనేలకు పచ్చదుప్పటి

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఏ దారిన వెళ్లినా రెండే పంటలు కనిపిస్తాయి. అయితే మొక్కజొన్న, లేదంటే సోయాచిక్కుడు. జులైలో కనుచూపు మేరా పచ్చదనమే! అదే అక్టోబరులో కోతలైపోయాక చూస్తే... మళ్లీ ఏప్రిల్ చివర్లో విత్తనాలు పడేదాకా చాలా పొలాలు బోసిగానే ఉంటాయి. ఆ నెలల్లోనే మంచు కరిగి, వసంతకాలపు వానలు పడి, పైమట్టి కొట్టుకుపోతుంటుంది.

డెమాయిన్ నగరం నుంచి ఐ-80 రహదారి మీద పడమరగా వెళ్తే అడెయిర్ దగ్గర ప్రయాణికుల విశ్రాంతి కేంద్రం వస్తుంది. అక్కడి శిల్పం ఆ మట్టి కథే చెబుతుంది. 1850లో 14 అంగుళాలున్న సారవంతమైన పైమట్టి, 2000 నాటికి అయిదున్నర అంగుళాలే మిగిలిందట!

పోయేది మట్టి ఒక్కటే కాదు. పొలాల కింద పరిచిన మురుగు గొట్టాల గుండా నైట్రేట్లు నదుల్లో కలుస్తాయి. డెమాయిన్ వాసులు తాగేది ఆ నదుల నీళ్లే. 2025 జూన్‌లో నైట్రేట్లు బాగా పెరగడంతో, శుద్ధి కేంద్రాలు తట్టుకోలేక ఇళ్లముందు పచ్చికకు నీళ్లు పెట్టొద్దని ఆంక్షలు విధించారు.

దీనికి కొందరు రైతులు ఎంచుకున్న మందు... రై. గోధుమలాంటి ధాన్యమే. కోతల సమయంలో చల్లేస్తే చలిని తట్టుకుని పెరుగుతుంది. కొన్నిచోట్ల పంట చేలో ఉండగానే విమానంతో చల్లుతారు. దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, మిగిలిన నైట్రేట్లను పీల్చుకుంటాయి. రై వేస్తే నైట్రేట్ల నష్టం సగటున 31 శాతం తగ్గుతుందని ఆ రాష్ట్రం 2013లో రూపొందించిన ప్రణాళిక లెక్కగట్టింది. మనం జీలుగ, జనుము వేసి నేలలో కలియదున్నుతాం కదా! అక్కడ చాలామంది దున్నరు. వసంతంలో కలుపుమందు కొట్టో, రోలరుతో అణగదొక్కో రైని చంపి, ఆ గడ్డి పరుపులోనే సోయా విత్తుతారు.

మరి అందరూ ఎందుకు వేయరు? విత్తనానికి, చల్లడానికి ఖర్చు. పైగా మొక్కజొన్నకు ముందు వేస్తే నత్రజనిని రై పట్టేసి దిగుబడి తగ్గే ప్రమాదం ఉంది. అందుకే సోయాకు ముందు వేసి మొదలుపెట్టమంటారు అనుభవజ్ఞులు. అన్నిటికన్నా పెద్ద చిక్కు కౌలు. అయోవా సాగుభూమిలో సగానికి పైగా కౌలుదే. మట్టి బాగుపడేందుకు ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు, పరాయి నేలకోసం డబ్బు పెట్టేదెలా? ఇది మన కౌలురైతుకూ తెలిసిన బాధే. రై వేసిన రైతుకు పంటల బీమాలో ఎకరానికి 5 డాలర్ల రాయితీని ప్రభుత్వం 2017లో మొదలుపెట్టింది. భూయజమాని కూడా ఖర్చులో కొంత పంచుకుంటే ఆ రైతుకు ధైర్యం వస్తుంది. బాగుపడేది ఆయన భూమే కదా!

ఏప్రిల్‌లో అటువైపు వెళ్లేవారు రోడ్డు పక్కన గమనించండి. నల్లటి చేల మధ్య అక్కడక్కడా ఒక పచ్చటి చేను కనిపిస్తుంది. అది రై.