శూన్యం నుండి

2017 జులైలో లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ మరణవార్త తెలిసిన రోజున, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి అన్నం ముట్టలేదు. ఎవరో విదేశీ గాయకుని కోసం ఇంత దుఃఖమేమిటని మందలించాను.

2024 నవంబరులో ఆ బృందం ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే నూతన గాయనితో ‘ఫ్రమ్ జీరో’ ఆల్బమ్‌ను వెలువరించింది. బృందపు తొలి పేరు కూడా ‘జీరో’యేనట. అబ్బాయి బలవంతంపై 11 పాటలూ విన్నాను. ఆర్తనాదం వంటి ఆ అరుపులు నా చెవికి కొత్త.

“ఆయన పాడిన పాత పాటలో?” అన్నాను.

“కచేరీలలో ఈమే పాడుతోంది. కొందరు అభిమానులు ఒప్పుకోవడం లేదు నాన్నా!”

నాకు నా ఉద్యోగపు తొలి దినాలు స్ఫురించాయి. నాన్నగారు సర్వీసులో ఉండగానే కాలధర్మం చెందగా, కారుణ్య నియామకంపై వారి సెక్షన్‌లోనే చేరాను. “మీ నాన్నగారి అక్షరాలు ముత్యాలు” అని ప్రతివారూ అనేవారు. ఆ దస్తూరిని అనుకరించబోయి లెడ్జరులో తప్పులు చేసేవాణ్ణి. చివరకు సూపరింటెండెంటుగారు చేరబిలిచి, “నాయనా, నీ దస్తూరిలోనే వ్రాయి. అంకెలు సరిపోతే చాలు” అన్నారు.

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని ఈ సంగతి ఆనాడు అబ్బాయికి చెప్పాను. వాడు పాట ఆపి, చివరివరకూ విన్నాడు.