ఏలూరు తివాచీ, మన మిర్చి గోతం

మన గుంటూరు, ప్రకాశం ఇళ్ళల్లో పాతచీరల బొంతలు మామూలే. ఉన్ని తివాచీ చూడాలంటే మాత్రం బెజవాడ దాటి 60 కిలోమీటర్లు, ఏలూరు వెళ్ళాలండీ! పర్షియా నుంచి వచ్చినవాళ్ళు నేర్పిన విద్య అది. మగ్గం మీద ఒక్కో ఉన్నిపోగునూ చేత్తో ముడివేసి, కత్తిరిస్తారు. ఆ మగ్గాలు ఇప్పుడు తగ్గిపోతున్నాయి.

సరదాగా మీరూ ప్రయత్నిస్తారా? మగ్గం అక్కర్లేదు, ఖాళీ మిర్చి గోనెసంచి చాలు. ముందు రెండు మూడుసార్లు నానబెట్టి ఉతకండి, లేకపోతే చేతులు భగ్గుమంటాయి! చెక్క చట్రానికి బిగించి, పాత స్వెట్టరు ఉన్నిని క్రోషే సూదితో కింద నుంచి పైకి ఉచ్చులుగా లాగండి. 19వ శతాబ్దంలో అమెరికా, కెనడా ఇల్లాళ్ళు ఇలాగే గోనెల మీద చేసుకునేవారు. ముడి ఉండదు కనుక పోగు లాగితే ఊడివస్తుంది. ఏలూరుది అలా ఊడదు.

జానెడు చేసి చూడండి. ఆ నేతగాళ్ళ దగ్గర బేరమాడబుద్ధి కాదు!