గట్టిగా మీటినా చెదరకుండా

ఎలక్ట్రిక్ గిటార్‌కి క్లీన్ టోన్ ఇచ్చే యాంప్ కావాలనేవాళ్లలో చాలామంది మనసులో ఉండేది, తీగ పలికినదానికి ఏదీ కలపని, అందులోంచి ఏదీ తీసెయ్యని పెట్టె. నిజంగా అదే కావాలంటే దుకాణాల చుట్టూ తిరగనక్కర్లేదు. పాటలు వినే మంచి స్టీరియో సెట్టుకి గిటార్ తగిలిస్తే దాదాపు అదే వస్తుంది, కానీ వచ్చిన శబ్దం పల్చగా, ఒంటి మీద కండ లేకుండా ఉంటుంది. గిటార్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. ఆ చుట్టా, దానికి తగిలించిన కేబులూ కలిసి సుమారు 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒకచోట శబ్దాన్ని పైకెత్తుతాయి. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకరేమో 5000 దాటాక చాలావరకు చేతులెత్తేస్తుంది. ఆ లోపమే చెవికి హాయి. ఫెండర్ కంపెనీ 1963లో తెచ్చిన ట్విన్ రివర్బ్‌ని క్లీన్ టోన్‌కి కొలబద్దగా చెప్పుకుంటారు కదా, దాని సర్క్యూట్ నాబులన్నీ మధ్యలో పెట్టినా మధ్యస్థాయి శబ్దాన్ని లోపలికి నొక్కేస్తుంది. బేస్, ట్రెబుల్ సున్నాకి దించి, మిడ్ పూర్తిగా తిప్పితేగానీ అది ఉన్నదున్నట్టు పలకడానికి దగ్గరికి రాదు. అలా పెట్టుకుని వాయించేవాళ్లు అరుదు. అంటే లోకం స్వచ్ఛమని మెచ్చుకునే నాదానికి ముందే రంగు అద్ది ఉంది. రంగు లేకపోవడం కాదు మనం వెతకాల్సింది. ఆ రంగు మెల్లగా మీటినా గట్టిగా మీటినా మారకుండా నిలబడేంత నిల్వ శక్తి యాంప్‌లో ఉందా అన్నది చూడాలి. వాయించేవాళ్లు హెడ్‌రూమ్ అనేది దీన్నే.

తీగని మీటిన క్షణంలో పుట్టే ఉద్ధృతి, ఆ తర్వాత సాగే మోత కన్నా చాలా ఎక్కువ. అది 10 డెసిబెల్స్ ఎక్కువ అనుకుంటే, ఆ క్షణానికి యాంప్ పదింతల శక్తి ఇవ్వాలి. అంటే సగటున రెండు వాట్లతో పలికే వాయిద్యానికి మీటు దగ్గర ఇరవై కావాలి. ఇవ్వలేకపోతే అల తల తెగుతుంది, తీగలో లేని కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. డిస్టార్షన్ అనేది దీన్నే. ఒకే స్వరం మోగుతుంటే ఆ పుట్టేవి దాని బంధువులే కాబట్టి ఇబ్బంది తక్కువ. రెండు స్వరాలు కలిస్తేనే అసలు గొడవ. 200, 300 హెర్ట్జ్ స్వరాలు, అంటే షడ్జమ పంచమాలు, కలిసి చెదిరితే వాటి తేడా అయిన 100 కూడా వినిపిస్తుంది. అది కింది స్థాయి షడ్జమమే, పైగా దిట్టంగా ఉంటుంది. రాక్ సంగీతం షడ్జమ పంచమాల మీద అంత డిస్టార్షన్ గుమ్మరించి కూడా నెగ్గుకొచ్చింది అందుకే. అదే 200తో పాటు అంతర గాంధారం మీటి చూడండి. గిటార్ మెట్ల లెక్కలో అది 252 దగ్గర పడుతుంది. తేడా 52. శ్రుతిలో ఉండాలంటే 50 కావాలి. అడుగున మోగే ఆ స్వరం ఒక మెట్టులో సగానికి పైగా తప్పిపోయిందన్నమాట. నాలుగైదు స్వరాల జాజ్ కార్డ్‌లో ఇలాంటి అపశ్రుతులు ఎన్ని పుడతాయో ఊహించుకోవచ్చు. జాజ్ వాయించేవాళ్లు క్లీన్ టోన్ కోసం పట్టుబట్టడం వట్టి అభిరుచి వ్యవహారం కాదు, లెక్క అలా ఉంది.

రాగం వాయించేవాళ్లు ఒక్కో స్వరమే పలికిస్తారుగా, వాళ్లకెందుకీ బాధ అనవచ్చు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌లోని జంట తీగల్ని తీసేసి, ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించారు. మీటు తర్వాత నాదం కాసేపు నిలవకపోతే గమకానికి చోటుండదు, విద్యుత్తు ఆ నిలకడ ఇచ్చింది. అయితే హద్దు దాటిన యాంప్ కూడా నాదాన్ని సాగదీస్తుంది, గట్టి మీటునీ మెత్తటి మీటునీ ఒకే మట్టానికి చదును చేసి మరీ. గమకంలో ఎత్తుపల్లాలే పోతే ఇక మిగిలేది జారుడే.

వాల్వులుంటేనే మంచి క్లీన్ టోన్ అన్న నమ్మకం మొండిది. రోలాండ్ కంపెనీ 1975లో తెచ్చిన జేసీ-120లో ఒక్క వాల్వూ లేదు. ట్రాన్సిస్టర్లు, 120 వాట్లు, రెండు 12 అంగుళాల స్పీకర్లు, అంతే. డిస్టార్షన్‌కి పేరుమోసిన మెటాలికా బృందం కూడా మెత్తటి భాగాలకి దాన్నే వాడుకుంది. వాల్వు హద్దు దగ్గర మెల్లగా వంగుతుంది, ట్రాన్సిస్టర్ ఠక్కున తెంపుతుంది, నిజమే. కానీ హద్దు లోపలే ఉండదలచినవాడికి హద్దు దాటాక జరిగే ముచ్చటతో పనేముంది?

ఇంట్లో వాయించడానికి అన్నేసి వాట్లా అనేదానికి కొంత బలముంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. ఫెండర్‌దే అయిన 22 వాట్ల చిన్న యాంప్ డీలక్స్ రివర్బ్‌కీ 85 వాట్ల ట్విన్‌కీ మధ్య శక్తి లెక్కన తేడా సుమారు 6. ఆ 6లో సగం, 3 డెసిబెల్స్ ఎక్కువ పలికే స్పీకర్ బిగిస్తే డీలక్స్‌లోనే దొరుకుతుంది, ఆ మాట దుకాణంవాళ్లు చెప్పరు. కాబట్టి గదికి చిన్నదే చాలు, డ్రమ్స్ పక్కన నిలబడేవాళ్లే పెద్దది మోసుకోవాలి. ట్విన్ దాదాపు 29 కిలోలు, నడుముకి పరీక్షే. డిజిటల్ యాంప్ ఇవన్నీ అనుకరించేస్తుంది కదా అంటే, అనుకరించడానికి అదేం చేస్తుందో చూడాలి. ఫెండర్ 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ ట్విన్, వాల్వుల 85 వాట్ల ధాటిని చూపించడానికి 200 వాట్ల డిజిటల్ యాంప్ పెట్టుకుంది. బరువు సగమైంది గానీ నిల్వ అవసరం తప్పలేదు.

దుకాణంలో తియ్యటి చిన్న పలుకులు వాయించి చూస్తే ఏ యాంపైనా బాగానే ఉంటుంది. గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, యాంప్‌ని రోజూ వాయించే మోత కన్నా కాస్త పైకి తిప్పి, శక్తిని ఎక్కువ తినేది బేస్ కాబట్టి దాన్నీ పెంచి, కింది తీగల మీద గాంధారం ఉన్న కార్డ్‌ని గట్టిగా మీటాలి. స్వరాలు విడివిడిగా వినపడుతున్నాయా, అడుగున ఏదైనా ముద్దగా గురగురమంటోందా చూసుకుని, ఆ తర్వాత ధర అడగొచ్చు.