తడిసిన కట్టు

కిందటేడు చలికాలంలో ఫజర్ నమాజుకి వజూ చేసుకుందామని లేచి, బాత్రూమ్ గుమ్మం దగ్గర అమ్మీ జారి పడింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. పదిహేనేళ్లుగా షుగరు. "యా అల్లా" అన్న కేక విని నేను పరిగెత్తేసరికి కుడికాలు బయటికి తిరిగిపోయి ఉంది. మాది కడియం, భయ్యాది నర్సరీలో పని. వెంటనే రాజమండ్రి తీసుకెళ్లాం. తుంటి ఎముక విరిగిందన్నారు. మర్నాడే ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఆరో రోజు ఇంటికి పంపుతూ డాక్టరుగారు ఒకే మాట రెండుసార్లు చెప్పారు: కట్టు తడవకూడదు.

ఇంటికి రాగానే ఇయాదత్ కోసం చుట్టాలు వరస కట్టారు. అమ్మీ మంచం మీదే కూర్చునేవారు. దుప్పటి ఎత్తి కుట్లు చూడబోయేవారు. సవాబ్ కోసం వచ్చినవాళ్లని చేతులు కడుక్కోండని ఎలా అనను? ఊరుకున్నాను.

జుమ్మా రోజు గుసుల్ కావాలని అమ్మీ పట్టుబట్టింది. ఒళ్లు తుడుస్తానంటే ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు చెంబులు పోశాను. కట్టు తడిసింది. పైపైన తుడిచి వదిలేశాను.

పదకొండో రోజు పక్కదుప్పటి మీద పచ్చటి మరక. "నీళ్లే బేటీ" అంది. వాసన చూశాను. నీళ్లు కాదు.

"భయ్యాకి చెప్పకు, నా కసమ్. ఇప్పటికే అప్పు చేశాడు. మళ్లీ ఆ మగ డాక్టర్ల ముందు నన్ను పడుకోబెట్టకు."

ఆమె హయా నాకు తెలుసు, భయ్యా అప్పూ తెలుసు. జ్వరం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, మూడు రోజులు కొత్త గాజుగుడ్డ మారుస్తూ దాచాను. నాలుగో రోజు అమ్మీ నన్ను చూసి, ఎప్పుడో ఇంతెఖాల్ అయిన మా ఖాలా అనుకుని మాట్లాడింది. అప్పుడు భయ్యాకి ఫోన్ చేశాను.

డాక్టరుగారు కోప్పడలేదు. పెద్దవయసులో చీము పట్టినా జ్వరం రాకపోవచ్చట. తిండి మానేయడం, మగత, మాట తడబడటం ముందు కనిపించవచ్చట. మన చర్మం మీద ఉండే సూక్ష్మజీవులే లోపలికి దిగి, రాడ్డు మీద జిగురు పొర కట్టుకుని కూర్చుంటే మందులు వాటిని సరిగా అందుకోలేవు. షుగరు అదుపులో లేకపోతే గాయం మానడం ఇంకా కష్టం. "నీళ్ల వల్లే వచ్చిందని చెప్పలేనమ్మా. కానీ దాచిన ప్రతి రోజూ నష్టమే" అన్నారు. గాయం మళ్లీ తెరిచి కడిగారు. ఏ మందు పనిచేస్తుందో తెలియడానికి లోపలి నమూనా ల్యాబుకి పంపారు. మొదట సూదిమందులు, తర్వాత వారాల తరబడి మాత్రలు. రాడ్డు తీయాల్సిన అవసరం రాలేదు, అల్హమ్దులిల్లా.

ఆసుపత్రి వరండాలో భయ్యా ఒక్కమాటే అన్నాడు: "అంటు కట్టినచోట నీళ్లు దిగకుండా ప్లాస్టిక్ చుడతాం. మామిడికొమ్మకి చేసేపాటి జాగ్రత్త అమ్మీకి చేయలేకపోయామా?"

నాకు జవాబు లేదు.

తర్వాత ఇమామ్ సాబ్‌ని అడిగితే విషయం ఎంత తేలికో తెలిసింది. వజూలో తుంటి కడగాల్సిన పనే లేదు. గుసుల్‌లో కట్టు మీద తడిచేత్తో మసహ్ చేస్తే చాలు, అదీ హాని అయితే మాఫ్. ఒంటికి నీళ్లే పడకపోతే తయమ్ముమ్ ఉంది. కూర్చోలేనివాళ్లు పడుకుని ఇషారాతో నమాజు చదవొచ్చు. దీన్ ఇంత ఆసాన్ చేస్తే, అడగకుండా కష్టం చేసుకున్నది మేమే.

అమ్మీ ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది, కుర్చీలో నమాజు చదువుతోంది. ఈ సంగతి రాయమన్నది కూడా ఆమే.

బహనో, మన అమ్మీలు నొప్పి దాస్తారు, మరక దాస్తారు. రోజూ కట్టు మీరే చూడండి. తడి, ఎరుపు, వాపు, వాసన, పెరిగే నొప్పి, ఏది కనిపించినా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మందులషాపు మాత్రలతో సరిపెట్టకండి. కుట్లు తీశాక కూడా మూడు నెలలు కనిపెట్టి ఉండండి. "చెప్పకు, నా కసమ్" అంటే, ఆ ఒక్క కసమ్ మాత్రం వినకండి.