అత్తయ్య చేతికి తగిలింది నిజమే

వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని మా అత్తయ్య నెల రోజులు చెప్పారు. పొన్నూరులో మాది పాత ఇల్లు. మెషిన్ ఉండేది వెనక వరండాలో, వానాకాలం అక్కడ నేల ఆరదు. మా వారు "చెప్పులేసుకో అమ్మా" అన్నారు. నేనేమో, డెబ్బై దాటిన చెయ్యి కదా, తిమ్మిరేమోలే అనుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గులో టెస్టర్ పెట్టి, లైటు వెలగడం చూపించి, "అంతా బాగానే ఉందమ్మా" అని వెళ్ళాడు. అత్తయ్య ఇక ఆ మాటే ఎత్తలేదు. బట్టలు తీసేటప్పుడు చేతికి పొడి తువ్వాలు చుట్టుకోవడం ఒకరోజు నా కంటపడింది.

మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కొన్న మల్టీమీటర్ సొరుగులో ఉంది. అరచేతిలో పడుతుంది, ఖరీదు మూడొందల లోపే. వాడికి వీడియో కాల్ చేశాను.

"నల్ల వైరు కామ్ కంతలో, ఎర్రది వోల్టుల కంతలో పెట్టమ్మా. పది ఆంపియర్ల కంతలో పెట్టి ప్లగ్గులో గుచ్చావంటే పేలిపోద్ది. నాబ్ ఏసీ 750 మీదికి తిప్పు. చేతులు తుడుచుకో, చెప్పులేసుకో, సూదులకి ప్లాస్టిక్ దగ్గరే పట్టుకో."

ముందు బాగున్న ప్లగ్గులో చూడమన్నాడు. ఎదురుగా నిలబడితే కుడి కంత ఫేజు, ఎడమది న్యూట్రల్, పైన పెద్దది ఎర్త్. ఫ్రిజ్ ప్లగ్గులో ఫేజుకీ న్యూట్రల్‌కీ 228, ఫేజుకీ ఎర్త్‌కీ 226. మనకి 230కి అటూఇటూగా రావాలిట. తర్వాత మెషిన్ ప్లగ్గు. ఫేజుకీ న్యూట్రల్‌కీ 227. ఫేజుకీ ఎర్త్‌కీ పెడితే 14.

టెస్టర్ అబద్ధమేం చెప్పలేదు. ఫేజు ఉందో లేదో అంతవరకే దానికి తెలుసు, ఎర్త్ సంగతి తెలియదు. మెషిన్‌లోంచి కాస్తో కూస్తో కారే కరెంటు ఎర్త్ వైరు పట్టుకుని భూమిలోకి పోవాలి. ఆ వైరు లేకపోతే తడినేల మీద నిలబడ్డ మనిషిలోంచి పోతుంది. మా ఇంట్లో నెలరోజులుగా ఆ మనిషి అత్తయ్య.

మెషిన్ ప్లగ్గు పీకేసి వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. మెయిన్ ఆపి బోర్డు విప్పితే ఆకుపచ్చ వైరు దేనికీ బిగించకుండా చుట్ట చుట్టి వదిలేసి ఉంది. పది నిమిషాల పని. అతను అలిగినా సరేనని ఎదురుగానే మళ్ళీ మీటరు పెట్టి చూశాను. 226.

(మెయిన్ బోర్డు జోలికి నేను పోను, ఇలాంటి చవక మీటరుతో మీరూ పోకండి. వైరు తొడుగు చిట్లితే టేపు చుట్టి వాడొద్దు, పారేయండి.)

"అత్తయ్యా, మీరు చెప్పింది నిజమే" అన్నాను.

"నాకు తెలుసుగా. తెలియంది మీకేగా" అన్నారు.

నిన్న పాత సెల్లులు దాచిన డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. డీసీ 20 మీద కొత్త సెల్లు అయితే 1.5 పైన చూపిస్తుంది. పదకొండింటిలో నాలుగు 1.4 దాటాయి. రెండు రిమోట్‌కి వేశారు, ఒకటి గోడ గడియారానికి. నాలుగోది మళ్ళీ డబ్బాలోకే వెళ్ళింది.